వెనక గదికి అందని సిగ్నల్

మా అక్కకు వినపడేది కాదు. రెండేళ్ళప్పుడు వచ్చిన జ్వరం ఆమె చెవుల్ని తీసుకుపోయిందని అమ్మ చెప్పేది. నేను పుట్టేసరికి అక్కకు నాలుగేళ్ళు. చేతులతో మాట్లాడే భాషలు లోకంలో ఉన్నాయని, వాటిని నేర్పే బడులున్నాయని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకని అక్కా నేనూ మాకు మేమే ఒక భాష చేసుకున్నాం.

నాన్న అంటే మీసం మీద వేలు. అమ్మ అంటే ముక్కుపుడక చోట వేలు. పిడికిలి బిగించి ముందుకూ వెనక్కూ ఆడిస్తే రైలు. నేనంటే మోచేతి మీద చిన్న గీత, అక్కడ నాకు కాలిన మచ్చ ఉంది. అబద్ధమంటే నాలుకతో లోపలి నుంచి బుగ్గను పొడవడం. ఇలాంటివి వందల కొద్దీ ఉండేవి. అమ్మకు వాటిలో సగం వచ్చు. నాన్నకు తిండికి, పనికి సరిపడేవి మాత్రమే వచ్చు. అమ్మ పోయాక ఆ భాష పూర్తిగా తెలిసినవాళ్ళం మేమిద్దరమే మిగిలాం.

అక్కను తోటపల్లి గూడూరు వైపు ఒక ఊళ్ళో ఇచ్చారు. బావకు కొంచెం వరి, రెండు రొయ్యల చెరువులు. తక్కువ మాట్లాడే మనిషి. పెళ్ళయిన కొత్తలో నన్ను కూర్చోబెట్టుకుని సంజ్ఞలు నేర్చుకున్నాడు. నలభై దాకా వచ్చాక ఇక చాలన్నాడు. అన్నం, నీళ్ళు, చెరువు, మేత, జ్వరం, బజారు, వాన. కాపురానికి అవి సరిపోయాయి. మిగిలిన మాటలన్నీ అక్క నా కోసం దాచుకునేది. నెలకోసారి నేను కావలి నుంచి వెళ్ళినప్పుడు, బస్సు దిగిన దగ్గర్నుంచి మళ్ళీ ఎక్కేదాకా ఆమె చేతులు ఆగేవి కావు.

కావలిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో నా ఉద్యోగం. తీగలు లాగడం, పెట్టెలు బిగించడం, ఎక్కడ సిగ్నల్ అందడం లేదో వెతకడం అక్కడే నేర్చుకున్నాను. తెలిసిన వాళ్ళు వాళ్ళ ఇళ్ళకు కూడా పిలిచేవారు. నిచ్చెనెక్కి స్లాబుకు డ్రిల్లు పెట్టే ఆడమనిషిని చూడటం మొదట్లో అందరికీ వింతగా ఉండేది. తర్వాత అలవాటు పడ్డారు.

స్మార్ట్ ఫోన్లు వచ్చాక అక్క బతుకు మారిపోయింది. కానీ ఆ ఊళ్ళో ఇంట్లో ఉంటే ఫోనుకు సిగ్నల్ ఉండేది కాదు. నన్ను చూడాలంటే ఎండలో చెరువు కట్ట మీదికి పోయి నిలబడేది. ఒక చేత్తో ఫోన్ పట్టుకుంటే మిగిలేది ఒక్క చెయ్యే. మా భాషలో చాలా మాటలకు రెండు చేతులు కావాలి. ఒంటి చేత్తో సగం సగం మాట్లాడేది, నేను మిగతా సగం ఊహించుకునేదాన్ని.

ఆ ఊరికి ఫైబర్ తీగ వచ్చిందని తెలిసిన వారంలోనే బావతో కనెక్షన్ పెట్టించాను. పెట్టడానికి వచ్చినాయన రౌటర్ను ముందు గదిలో, స్టీలు బీరువా వెనక మేకుకు తగిలించి పోయాడు. ఆ గదిలో బాగానే పనిచేసింది. వంటింట్లో మాత్రం అక్క ముఖం గళ్ళు గళ్ళుగా విరిగిపోయేది.

వైఫైని చాలామంది గాలి లాంటిదనుకుంటారు. తలుపు తీసి పెడితే లోపలికి వస్తుందనుకుంటారు. అది వెలుగు లాంటిది. గోడ అడ్డమొస్తే సన్నబడుతుంది, ఇనుము అడ్డమొస్తే దాదాపు ఆగిపోతుంది. బావ వాళ్ళ ఇంట్లో ముందు రెండు గదుల గోడలు మూరెడు మందం. వెనక వంటిల్లు, ఇంకో చిన్న గది తర్వాత కలిపినవి. ఆ రెంటికీ ముందు గదులకూ మధ్య ఒక నడవ ఉంది.

రౌటర్ను బీరువా వెనక నుంచి తీసి ఎత్తులో పెడితే కొంత మెరుగైంది కానీ సరిపోలేదు. బజారులో ఎక్కువ యాంటెన్నా కొమ్ములున్న పెట్టె గొప్పదని అమ్ముతారు. ఎన్ని కొమ్ములున్నా మూరెడు గోడ దానికి లొంగదు. ఇంటి మధ్యలో యాక్సెస్ పాయింట్ అనే ఇంకొక వైఫై పెట్టె బిగించి, దానికి రౌటర్ నుంచి కేబుల్ లాగాలి. అందరూ ఇంట్లోకి ఎంత వేగంగా వస్తుందో చూసి కొంటారు. నేను ఇంట్లోంచి బయటికి ఎంత వేగంగా పోతుందో చూశాను. సినిమాలు చూడటానికి కాదు కదా నాకు. మాటతో మాట్లాడేవాళ్ళకు బొమ్మ ఆగిపోయినా గొంతు వినిపిస్తూనే ఉంటుంది. మాకు బొమ్మే గొంతు.

ఒక ఆదివారం పొద్దున అన్నం పళ్ళెమంత గుండ్రటి తెల్లని పెట్టెను తీసుకెళ్ళి వంటింటి గుమ్మం ముందు నడవ కప్పుకు బిగించాను. దానికి వేరే కరెంటు తీగ అక్కర్లేదు. అదే కేబుల్లో కరెంటూ పోతుంది. ఉప్పుగాలికి కొసలు తుప్పు పట్టకుండా కేబుల్ చివర్లకు టేపు చుట్టాను. గోడకు రంధ్రం చేస్తుంటే బావ నిచ్చెన పట్టుకుని, రాలుతున్న సున్నం వంక దిగులుగా చూస్తూ నిలబడ్డాడు. అక్క చీపురు పట్టుకుని సిద్ధంగా ఉంది. పని అయిపోయాక అదేమిటని అడిగింది. చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఆమే ఆలోచించి, తల మీద అరచెయ్యి బోర్లించి చూపించింది. ఆ రోజు నుంచి మా భాషలో వైఫై అంటే అదే.

అప్పటి నుంచి సాయంత్రం నాలుగింటికి, కాలేజీ వదిలాక, రోజూ మాట్లాడుకున్నాం. ఆమె ఫోన్ను ఊరగాయ జాడీకి ఆనించి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని కూర్చునేది. పక్కింటి ఆమె నడకను చూపించేది. బావ రొయ్యలకు మేత వేసేటప్పుడు నోరెట్లా తెరుచుకుని ఉంటాడో చూపించేది. ల్యాబు మెట్ల మీద కూర్చుని నేను ఒంటరిగా నవ్వుతుంటే పిల్లలు వింతగా చూసేవారు. ఒకసారి ఏదో మాటకు కోపమొచ్చి, ఫోన్ తెరిచి గోడ వైపు తిప్పి పెట్టింది. రెండు రోజులు నాలుగింటికి సరిగ్గా ఫోన్ ఎత్తి, నాకు గోడను చూపించింది. మూడో రోజు తనే తిప్పింది. అలా దాదాపు మూడేళ్ళు గడిచాయి.

కడుపులో నొప్పి అని మొదట బావకు చెప్పింది. అతనికి తెలిసిన మాటల్లో కడుపు ఉంది, నొప్పి ఉంది, కానీ ఎలాంటి నొప్పో చెప్పే మాటలు లేవు. నన్ను కంగారుపెట్టడం ఇష్టంలేక నాకు చెప్పేసరికి కొన్ని వారాలయింది. నెల్లూరులో పెద్ద డాక్టరుకు చూపించాం. లోపల గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత ఏడాదంతా ఆసుపత్రికీ ఇంటికీ తిరగడంతోనే సరిపోయింది. డాక్టరు చెప్పే ప్రతిదీ అక్కకు చెప్పాల్సింది నేనే. చివరిసారి ఆయన, ఇక ఇంటికి తీసుకెళ్ళి నొప్పి లేకుండా చూసుకోండి అన్నాడు. అక్క నా చేతుల వంక చూసింది. ఇంటికి వెళ్ళమన్నాడని మాత్రమే చెప్పాను. ఆమె బుగ్గను నాలుకతో పొడిచి చూపించి, ముఖం తిప్పుకుంది. ఆ తర్వాత దాని గురించి మళ్ళీ అడగలేదు.

ఇంటికొచ్చాక మంచం ముందు గదిలో వేస్తామంటే ఆమె ఒప్పుకోలేదు. వెనక చిన్న గదే కావాలంది. ఆ గది కిటికీ చెరువుల వైపు తెరుచుకుంటుంది. చెరువుల్లో నీళ్ళను చిలికే చక్రాల మోటార్లు ఆడుతుంటే ఆ అదురు నేల గుండా మంచం పట్టెలకు వస్తుంది. మనకది తెలియదు. ఆమె నా చెయ్యి తీసుకుని పట్టె మీద పెట్టి చూపించింది. చాలాసేపటికి నాకూ తెలిసింది. తనకు వినిపించే చప్పుడు అదొక్కటే, అందుకే అక్కడే ఉంటానంది.

కానీ నడవలోని యాక్సెస్ పాయింట్ ఆ గదికి అందేది కాదు. మధ్యలో వంటింటి గోడ, దాని వెనక ఇనుప దూలం ఉన్నాయి. కాలేజీలో పరీక్షలు జరుగుతున్నాయి. ఒక శనివారం సెలవు పెట్టి వెళ్ళాను. నా సంచిలో రెండున్నాయి. ఒకటి ఇంకో యాక్సెస్ పాయింటు, దానికి కావలసిన కేబులు, డ్రిల్లు. రెండోది రిపీటర్, ప్లగ్గులో గుచ్చితే చాలు. రెండూ తీసుకెళ్ళానంటే కష్టమైతే తేలికైన దానితో సరిపెట్టేద్దామని ముందే అనుకున్నాననే కదా.

కేబుల్ లాగాలంటే అక్క తలవైపు గోడకే రంధ్రం చెయ్యాలి. డ్రిల్లు బయటికి తీస్తుంటే బావ వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఇప్పుడా గోడ కొట్టొద్దు పాపా. సూది వేసినాక ఇప్పుడే కన్ను మూసింది. మంచమంతా అదురుతాది."

"కేబుల్ లాగకపోతే సరిగ్గా రాదు బావా."

"నాలుగు దినాలు పోనీ. కాస్త తేరుకుంటే ముందు గదిలోకి మారుద్దాం. అప్పుడు నీ ఇష్టం."

తేరుకోదని ఇద్దరికీ తెలుసు. అయినా అతను అలా అన్నాడు, నేనూ తలూపాను. రిపీటర్ను నడవ చివర, ఆ గది గుమ్మం పక్క ప్లగ్గులో పెట్టాను.

రిపీటర్ ఎందుకు పనికిరాదో కాలేజీలో పిల్లలకు నేనే చెబుతుంటాను. అది ఒకరి మాట విని ఇంకొకరికి చెప్పే మనిషి లాంటిది. వింటున్నప్పుడు చెప్పలేదు, చెబుతున్నప్పుడు వినలేదు. సగం దారిలోనే పోతుంది. ఒకరిద్దరు వాడుకుంటే నెట్టుకొస్తుంది, పది మంది వచ్చి చేరితే చేతులెత్తేస్తుంది. ఇదంతా తెలిసి కూడా పచ్చలైటు వెలగ్గానే అక్క మంచం పక్కన నిలబడి నా ఫోన్లో ఒక పాట వీడియో పెట్టి చూశాను. ఆగకుండా ఆడింది. లోపలికి వచ్చేది చూశాను, బయటికి పోయేది చూడలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్న మధ్యాహ్నం పూట చూశాను. సాయంత్రం బస్సుకు కావలి వచ్చేశాను. కేబులూ, రెండో పెట్టే సంచిలోనే నాతో తిరిగొచ్చాయి.

ఆదివారం, సోమవారం మాట్లాడుకున్నాం. ఆమె చేతులు బాగా బరువెక్కాయి. పెద్ద సంజ్ఞలన్నీ చిన్నవయ్యాయి, మనిషి గొంతు తగ్గించినట్టు. ఒక్కోసారి వేళ్ళు మసకబారేవి. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్పేది.

మంగళవారం ఆమెను చూడటానికి బంధువులు చాలామంది వచ్చారు. నడవలోనే కూర్చున్నారంతా. అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉన్నాయి. వచ్చిన ప్రతివాళ్ళకూ బావ వైఫై కలిపి ఇచ్చాడట, దూరం నుంచి వచ్చినవాళ్ళు కదా అని. నాలుగింటికి అక్క దగ్గర్నుంచే ఫోన్ వచ్చింది. బావ దిండుకు ఆనించి పెట్టిచ్చాడు.

ఆమె ముందు నా మోచేతి గుర్తు చూపించింది. నువ్వు. తర్వాత అరచెయ్యి మంచం పట్టె పక్కకు దించింది. చిన్నప్పుడు. పిడికిలి కొద్దిగా ఆడించింది. రైలు.

వెంటనే అర్థమైంది నాకు. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ నన్నొక్కదాన్నే బంధువుల పెళ్ళికి తీసుకెళ్ళింది. మాటరాని పిల్లను నలుగురిలోకి తీసుకెళ్ళడానికి అమ్మకు అప్పట్లో సిగ్గు. అక్క నాయనమ్మ చెయ్యి పట్టుకుని కావలి స్టేషన్లో నిలబడింది. నేను కిటికీలోంచి కొత్త గాజులు ఆడించి చూపించాను. ఇన్నేళ్ళలో మేమెప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు. ఆమె మరిచిపోయిందనుకున్నాను.

ఆమె రెండు వేళ్ళు చెంపల మీద జార్చింది. ఏడ్చాను. తర్వాత కుడిచెయ్యి ఎత్తి గడ్డం కింద ఆనించింది. అక్కడ బొమ్మ ఆగిపోయింది.

మా భాషలో గడ్డం కింద మొదలయ్యే మాటలు మూడున్నాయి. చెయ్యి అక్కడి నుంచి ముందుకు విసిరితే, పోనీలే. అక్కడే తిప్పితే, గుర్తుందా. కిందికి దించి గుండె మీద పెడితే, మనసులో ఉండిపోయింది. ఆమె చెయ్యి గడ్డం కిందే ఉంది, కళ్ళు సగం మూసి ఉన్నాయి, గుండ్రంగా తిరిగే గుర్తు ఆమె ముఖం మీద తిరుగుతూనే ఉంది. నేను మెట్ల మీద లేచి నిలబడ్డాను. కాల్ తెగిపోయింది. నాలుగైదు సార్లు చేస్తే కలిసింది కానీ అప్పుడు కనిపించింది బావ ముఖం. అలిసిపోయింది, పడుకుంది, రేపు మాట్లాడు అన్నాడు. సరేనన్నాను. రేపు అడుగుదామనుకున్నాను. బుధవారం పరీక్ష డ్యూటీ ఉంది, శుక్రవారం పోయి గోడ కొట్టయినా కేబుల్ లాగుదామనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం పరీక్ష హాల్లో ఉండగా బావ ఫోన్ చేశాడు. "బయలుదేరు పాపా," అన్నాడు, అంతే. కావలి నుంచి నెల్లూరు బస్సులో నిలబడే వెళ్ళాను. వెళ్ళేసరికి ఆమె చేతులు రెండూ కలిపి కట్టేసి ఉన్నాయి. అందరికీ అలాగే కడతారు. ఆ ముడి విప్పమని నేను గొడవ చేశానట, నాకు గుర్తులేదు.

మూడో రోజు చుట్టాలు కొంత పలచబడ్డాక బావ వెనక అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుని అడిగాను.

"మంగళవారం నాతో మాట్లాడతా ఉంటే బొమ్మ ఆగిపోయింది బావా. గడ్డం కింద చెయ్యి పెట్టింది. ఆ తర్వాత ఏం చేసిందో చూసినావా?"

అతను తల ఊపాడు. చెయ్యి ఎత్తి గడ్డం కింద పెట్టుకున్నాడు. ముందుకు విసిరాడు. కాదన్నట్టు తలాడించి మళ్ళీ పెట్టుకున్నాడు. ఈసారి మెల్లగా గుండె మీదికి దించాడు. మళ్ళీ ఆగిపోయాడు.

"ఇట్టా చేసిందో, అట్టా చేసిందో. పక్కనే ఉండా పాపా, కళ్ళారా చూసినా. ఆ మాట నాకు తెలవదు. తెలిసిన మాటయితే గుర్తుండేది."

"ఫోన్ ఆగిపోయిందని అక్కకు తెలుసా?"

అతను భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. "ఆమె మొత్తం చెప్పింది. చెప్పి నీ వంకే చూస్తా ఉండాది. నీ బొమ్మ కదల్లేదు. నువ్వేం చెప్తావోనని అట్టే చూసింది. అప్పుడు నేను ఫోన్ తీసుకున్నా."

"నువ్వు చెప్పినావా, ఆగిపోయిందని?"

"చెప్పినా. తల మీద చెయ్యి బోర్లించి, లేదన్నా. అప్పటికే కళ్ళు మూసుకోనుండాది. చూసిందో లేదో."

అతను మొహం తువ్వాలుతో కప్పుకున్నాడు. అతన్ని ఓదార్చాల్సింది నేనే, కానీ నాకు చేతకాలేదు.

పెద్దకర్మకు కావలి నుంచి వచ్చేటప్పుడు ఆ సంచి తెచ్చుకుని, మర్నాడు డ్రిల్లు తీశాను. ఎందుకని బావ అడగలేదు. నిచ్చెన తెచ్చి వేసి పట్టుకున్నాడు. వెనక గది గోడకు, ఆమె తల ఉండేచోట రంధ్రం చేశాను. సున్నం పరుపు లేని నవారు మంచం మీద రాలింది. కేబుల్ దూర్చి, పెట్టె కప్పుకు బిగించి, రిపీటర్ను ప్లగ్గు నుంచి పీకేశాను. మొత్తం గంటన్నర పట్టింది. అంతే పని అది.

పనిచేస్తుందో లేదో చూడాలి కదా. బావను ఆ మంచం మీద కూర్చోమని, నేను రోడ్డు మీదికి పోయి వీడియో కాల్ చేశాను. చేతులు ఆడించు బావా అన్నాను. ఏమాడించాలో తెలియక అతను రెండు చేతులూ ముఖం ముందు పైకీ కిందికీ కదిపాడు. బొమ్మ ఎక్కడా ఆగలేదు. గోళ్ళలో ఇరుక్కున్న సున్నం కూడా కనిపించింది. ఇక చూడలేక ఫోన్ ఆపేశాను.

నెల తర్వాత బావే ఫోన్ చేశాడు. మిగతా మాటలు నాకు నేర్పు పాపా అన్నాడు. ఇప్పుడెందుకని అడగబుద్ధి కాలేదు. ఆదివారం ఆదివారం మొదలుపెట్టాం. అతను ఆ వెనక గదిలోనే కూర్చునేవాడు. కష్టపడి నేర్చుకునేవాడు, కానీ వేళ్ళు మొద్దు. నాకు ఇంకో కష్టం వచ్చిపడింది. ఎదురుగా అక్క ముఖం లేకపోతే చాలా మాటలు నా చేతులకే గుర్తు రావడం లేదు. ఈర్ష్యకు ఏం చేసేవాళ్ళం, మొహమాటానికి ఏం చేసేవాళ్ళం, ఎంత ఆలోచించినా తట్టలేదు. భాష మొత్తం నాలో ఉందనుకున్నాను. సగం ఆమె దగ్గర ఉండిపోయింది.

ఐదో ఆదివారమో ఆరో ఆదివారమో అతను మబ్బు పట్టింది అని చెప్పబోయి, పక్కింటామెకు జ్వరం అన్నట్టు చేశాడు. ఆమె నడకను అక్క చేసినట్టే చేశాడు కూడా. నాకు నవ్వొచ్చింది. అక్క పోయాక నవ్వడం అదే మొదలు. అతనూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం. అతను ఫోన్ను మంచం మీద బోర్లా పెట్టేశాడు. తెర నల్లగా అయింది. అవతల అతను ఏడవడం మాత్రం వినిపించింది. నేను అది ఆగేదాకా ఫోన్ పట్టుకునే ఉన్నాను.

ఆ తర్వాత పాఠాలు మానేశాం. ఇప్పుడు వారానికోసారి మామూలు కాల్ చేస్తాడు. చెరువుకు జబ్బు తగిలిందనో, వాన లేదనో చెప్తాడు. నేను తిన్నావా అని అడుగుతాను. వీడియో ఇద్దరం పెట్టం.